జుట్టు సామాన్ల షాపులో ప్రేమకథ: టీనేజ్ నవలల్లో వైవిధ్యాన్ని ఎక్కడ వెతకాలి?

నటాషా కింగ్‌స్లీకి పదిహేడేళ్ళు. జమైకాలో పుట్టి, ఎనిమిదేళ్ళప్పుడు న్యూయార్క్ వచ్చింది. అమెరికాలో ఉండటానికి ఆ కుటుంబానికి కాగితాలు లేవు. ఒక రాత్రి తండ్రి తాగి కారు నడిపి పోలీసులకు దొరికాడు, ఆ మత్తులో కాగితాల్లేవన్న సంగతి తనే బయటపెట్టేశాడు. ఇక ఇల్లు ఖాళీ చేసి, రాత్రి పది గంటల విమానానికి అందరూ జమైకా వెళ్ళిపోవాలి. అదే రోజు పొద్దున డేనియల్ బే అనే కొరియన్ అమెరికన్ కుర్రాడు ఎర్ర టై కట్టుకుని యేల్ యూనివర్సిటీ ఇంటర్వ్యూకి బయల్దేరాడు. వాడు డాక్టర్ కావాలన్నది అమ్మానాన్నల పట్టు. వాడు రాసుకునేదేమో కవిత్వం.

ఈ ఇద్దరూ ఎదురుపడి ఒక్క రోజులో ప్రేమలో పడతారు. నికోలా యూన్ 2016లో రాసిన ‘ద సన్ ఈజ్ ఆల్సో ఎ స్టార్’ నవల కథ ఇదే. ఆ ఏడాది అమెరికా నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాలో నిలిచింది, 2019లో సినిమాగా కూడా వచ్చింది. టీనేజ్ ప్రేమకథల్లో ‘వైవిధ్యం’ గురించి ఎవరు అడిగినా నేను ముందు చేతికిచ్చే పుస్తకం ఇది. ఆ మాట చుట్టూ పడిన చిక్కుముళ్ళన్నీ ఇందులో ఒకచోట కనిపిస్తాయి.

అమెరికన్ పుస్తక వ్యాపారంలో ఇలాంటి నవలల్ని ‘యంగ్ అడల్ట్ కాంటెంపరరీ రొమాన్స్’ అంటారు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళని దృష్టిలో పెట్టుకుని, ఇప్పటి కాలంలో జరిగే ప్రేమకథ. చదివేది పిల్లలే అనుకుంటే పొరపాటు. 2012లో బౌకర్ అనే సంస్థ చేసిన సర్వేలో యంగ్ అడల్ట్ పుస్తకాలు కొనేవాళ్ళలో 55 శాతం మంది పద్దెనిమిదీ అంతకు పైబడినవాళ్ళేనని తేలింది. ఆ పేరుకి ‘డైవర్స్ కాస్ట్’ అన్న ముక్క కూడా తగిలిస్తే, తెల్లవాళ్ళే కాకుండా రకరకాల జాతులవాళ్ళు ఉన్న కథ అని అర్థం.

గొడవంతా ఈ చివరి ముక్క దగ్గరే. పేజీ మీద ఎవరున్నారు? రాసిందెవరు? అచ్చువేద్దామని నిర్ణయించిందెవరు? ఈ మూడూ మూడు వేరే ప్రశ్నలు. ఒకదానికి జవాబు దొరికితే మిగతా రెంటికీ దొరికినట్టు మాట్లాడేసుకోవడం వల్లే ఈ చర్చ ఎప్పుడూ కొలిక్కి రాదు. నా మటుకు నాకు ఇంకో ప్రశ్న వీటన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది: కథలో ప్రేమకి అడ్డొస్తున్నది ఎక్కణ్ణుంచి వచ్చింది? పాత్రల రంగులు మార్చేసినా ఆ అడ్డంకి చెక్కుచెదరకుండా ఉందంటే, ఆ వైవిధ్యం అట్ట మీది బొమ్మ వరకే. నటాషాని తెల్లమ్మాయిగా, డేనియల్‌ని తెల్లబ్బాయిగా మార్చి చూడండి, నవలలో సగం అధ్యాయాలకు అర్థం ఉండదు.

ముందు లెక్కల సంగతి చూద్దాం. 1965 సెప్టెంబరులో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త ‘సాటర్‌డే రివ్యూ’ పత్రికలో ఒక వ్యాసం రాసింది. మూడేళ్ళలో అమెరికాలో వచ్చిన ఐదు వేలకు పైగా పిల్లల పుస్తకాలను పరిశీలిస్తే, ఒక్క నల్లజాతి మనిషైనా కనిపించే పుస్తకాలు 6.7 శాతమే. ఆ కనిపించడం కూడా చాలాసార్లు బొమ్మలో ఏ మూలనో. 1985లో విస్కాన్సిన్-మాడిసన్ యూనివర్సిటీలోని కోఆపరేటివ్ చిల్డ్రన్స్ బుక్ సెంటర్ ఈ లెక్క తీసుకుంటే, ఆ ఏడాది వచ్చిన సుమారు 2,500 పుస్తకాల్లో నల్లజాతి రచయితలు, చిత్రకారులు చేసినవి 18 తేలాయి. 2013లో ఆ సెంటర్‌కి వచ్చిన 3,200 పుస్తకాల్లో నల్లజాతివాళ్ళ గురించినవి 93. అంటే అప్పటికి కూడా మూడు శాతం లోపే.

2014 మార్చిలో ఆ 93 అంకెను పట్టుకుని నల్లజాతి పిల్లల రచయిత వాల్టర్ డీన్ మైయర్స్, ఆయన కొడుకు క్రిస్టఫర్ మైయర్స్ ఒకే రోజు ‘న్యూయార్క్ టైమ్స్’లో చెరొక వ్యాసం రాశారు. నల్లజాతి పిల్లలు పుస్తకాల్లో కనిపించినా, బానిసత్వం గురించో పౌరహక్కుల పోరాటం గురించో చెప్పే చోటే కనిపిస్తారనీ, సాహసాలూ కలలూ ఉన్న కథల్లోకి వాళ్ళని రానివ్వరనీ కొడుకు వాపోయాడు. ఆ ఏడాదే ‘వుయ్ నీడ్ డైవర్స్ బుక్స్’ ఉద్యమం మొదలైంది. న్యూయార్క్‌లో జరగబోయే ఒక పెద్ద పుస్తకాల పండుగ వేదిక మీదికి పిలిచిన రచయితలంతా తెల్లవాళ్ళే కావడం దానికి నిప్పంటించింది.

క్రిస్టఫర్ మైయర్స్ ఎత్తిన ఆ విషయం దగ్గరే ప్రేమకథ ఎందుకంత ముఖ్యమో నాకు అర్థమవుతుంది. ఒక సమాజం గురించి జాలిపడుతూ వంద పుస్తకాలు రాయొచ్చు. చదివినవాళ్ళకి కన్నీళ్ళొస్తాయి, గౌరవమూ కలుగుతుంది. కానీ ప్రేమకథ అడిగేది వేరు. ఈ అమ్మాయి నవ్వితే నీకు గుండె వేగం పెరగాలి, ఈ అబ్బాయి ఫోన్ చేయకపోతే నీకు టెన్షన్ రావాలి అంటుంది. నువ్వు ఆమెను చూసి బాధపడితే సరిపోదు, ఆమెను ఇష్టపడాలి. దశాబ్దాల పాటు అమెరికన్ టీనేజ్ నవలలో నల్లజాతి అమ్మాయికీ, ఆసియా కుర్రాడికీ దక్కనిది ఈ చోటే. నల్లజాతి అమ్మాయి హీరోయిన్ పక్కన సలహాలు చెప్పే స్నేహితురాలు, ఆసియా కుర్రాడు లెక్కల్లో ఫస్టొచ్చే క్లాస్‌మేట్. నికోలా యూన్ ఈ ఇద్దరినీ తెచ్చి కథ నడిమధ్యలో నిలబెట్టింది. పైగా సైన్సు మీద నమ్మకం అమ్మాయికి, కవిత్వం పిచ్చి అబ్బాయికి ఇచ్చింది. ప్రేమ మెదడులో రసాయనాల పనే అని నటాషా వాదిస్తే, సైంటిఫిక్‌గానే నిన్ను ప్రేమలో పడేస్తానని డేనియల్ పందెం కడతాడు. ఆర్థర్ ఆరన్ అనే సైకాలజిస్టు బృందం 1997లో ప్రచురించిన అధ్యయనంలోని ప్రశ్నలతో, ఆ తర్వాత కళ్ళలోకి కళ్ళు పెట్టి నాలుగు నిమిషాలు చూసుకోవడంతో ఆ పందెం సాగుతుంది.

ఇక నవలలో నన్ను బాగా కట్టిపడేసిన ఘట్టం. డేనియల్ తల్లిదండ్రులకి న్యూయార్క్‌లోని హార్లెంలో ఒక షాపుంది. నల్లజాతి ఆడవాళ్ళ జుట్టుకి కావలసిన సామాన్లు అమ్మే షాపు. ఒక పని మీద డేనియల్ నటాషాని అక్కడికి తీసుకెళ్తాడు. నటాషాది సహజంగా వదిలేసిన పెద్ద ఆఫ్రో జుట్టు. డేనియల్ నాన్న ఆమెను చూసి, జుట్టు నిటారుగా సాగేలా చేసే మందు డబ్బా ఒకటి తీసి, ఇది రాసుకుంటే నీ జుట్టు అంత పెద్దగా ఉండదు అని చేతిలో పెట్టబోతాడు. డేనియల్ అన్నయ్య చార్లీకి అది వినోదం. డేనియల్ సిగ్గుతో చచ్చిపోతాడు.

పైకి చూస్తే ఒక పెద్దాయన నోటి దురుసు, అంతే కదా. కానీ నవల అక్కడ ఆగుతుంది. ఆగి, అసలు న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ జుట్టు సామాన్ల షాపులు కొరియన్ల చేతుల్లో ఎందుకున్నాయి, నల్లజాతి ఆడవాళ్ళకి జుట్టు ఎందుకంత బరువైన విషయం అన్న చరిత్రను చిన్న చిన్న అధ్యాయాలుగా చెబుతుంది. మామూలు ప్రేమకథలో ఎడిటర్ పెన్ను పెట్టి కొట్టేసే భాగం అది. ఈ నవలకి ప్రాణం అదే.

ఆ చరిత్ర కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1960ల నడుమ కమ్యూనిస్టు చైనా నుంచి వచ్చే జుట్టుతో చేసిన విగ్గుల దిగుమతిని అమెరికా ఆపేసింది. దాదాపు అదే సమయంలో దక్షిణ కొరియా ముడి జుట్టు ఎగుమతిని నిషేధించి, విగ్గులుగా తయారుచేసి మాత్రమే అమ్మాలని నిర్ణయించింది. దాంతో అమెరికా విగ్గుల మార్కెట్‌ కొరియా ఫ్యాక్టరీల చేతికొచ్చింది. 1965 అక్టోబరులో ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం ఆసియా నుంచి వచ్చేవాళ్ళకి తలుపులు తెరిచింది. అలా వచ్చిన కొరియన్లకి ఇంగ్లిష్ అంతంతమాత్రం, అక్కడి డిగ్రీలకి ఇక్కడ విలువ లేదు. సొంత దేశం నుంచి సరుకు తెప్పించుకుని, అద్దెలు తక్కువుండే నల్లజాతి పేటల్లో విగ్గులు అమ్మడం అందుబాటులో ఉన్న దారి. విగ్గుల షాపులే మెల్లగా జుట్టు నూనెలూ మందులూ అమ్మే షాపులయ్యాయి.

కొనేది ఒక జాతి, అమ్మేది ఇంకో జాతి అయ్యేసరికి కౌంటర్‌కి అటూ ఇటూ అనుమానాలు పేరుకున్నాయి. 1991 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో ఒక కిరాణా షాపులో, ఆరెంజ్ జ్యూస్ సీసా దొంగిలిస్తోందన్న అనుమానంతో లతాషా హార్లిన్స్ అనే పదిహేనేళ్ళ నల్లజాతి అమ్మాయిని కొరియన్ యజమానురాలు కాల్చి చంపింది. ఆమె దోషి అని తేలినా జైలు శిక్ష పడలేదు. మరుసటి ఏడాది ఆ నగరంలో అల్లర్లు చెలరేగినప్పుడు కొరియన్ల షాపులు వందలకొద్దీ తగలబడ్డాయి. డేనియల్ నాన్న చేతిలోని ఆ మందు డబ్బా వెనక ఇంత ఉంది. ఇద్దరు టీనేజర్ల మధ్య అడ్డుగా నిలబడింది తండ్రి కోపం ఒక్కటే కాదు. రెండు దేశాల వాణిజ్య నిర్ణయాలు, ఒక వలస చట్టం, ఒక పిల్ల చావు కూడా వాళ్ళ మధ్య నిలబడి ఉన్నాయి.

జుట్టు వ్యాపారం మనకి అంత దూరం కాదు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చిన తలనీలాలను దేవస్థానం పొడవుల వారీగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంది. ఏలూరు లాంటి చోట్ల చిక్కు తీసి, శుభ్రం చేసి, కట్టలు కట్టి ఎగుమతి చేస్తారు. విగ్గులుగా, ఎక్స్‌టెన్షన్లుగా మారి అమెరికా చేరే భారతీయ జుట్టులో అదీ ఉంటుంది. నల్లజాతి ఆడవాళ్ళు దానికి ముఖ్యమైన కొనుగోలుదారులు. నటాషా కథని మన దగ్గర కూర్చుని చదివేటప్పుడు ఈ సంగతి గుర్తొస్తే ఆ షాపు పరాయిగా అనిపించదు.

అడ్డంకిని చరిత్రలోంచి తీయడం ఒక ఎత్తైతే, మనసులోపలి మాటలు ఎవరికి దక్కాయన్నది ఇంకో ఎత్తు. చాలా ‘డైవర్స్’ నవలల్లో హీరో హీరోయిన్ల చుట్టూ ఒక నల్లజాతి స్నేహితుడు, ఒక ముస్లిం క్లాస్‌మేట్, వీల్‌చైర్‌లో ఒక అమ్మాయి ఉంటారు, కానీ వాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు ఏం ఆలోచిస్తారో ఒక్క పేజీ కూడా ఉండదు. యూన్ అలా వదిలేయలేదు. ఇమిగ్రేషన్ ఆఫీసు గేటు దగ్గర ఐరీన్ అనే సెక్యూరిటీ గార్డు నటాషా ఫోన్ కేస్ మీదున్న నిర్వానా బ్యాండ్ బొమ్మ చూస్తూ అవసరానికి మించి ఆలస్యం చేస్తుంది. నటాషాకి చిరాకు. అంతలో ఐరీన్ కోసం ఒక చిన్న అధ్యాయం తెరుచుకుంటుంది. ఆమె ఎంత ఒంటరిదో, ఆ కాసేపు ఒక మనిషి తనతో మాట్లాడటం ఆమెకి ఎంతటి విషయమో తెలుస్తుంది. నటాషా కేసు చూసే లాయరుకీ, ఆ లాయరు ఆఫీసులో పనిచేసే అమ్మాయికీ అలాంటి పేజీలే. డేనియల్ నాన్నకీ ఒక అధ్యాయం ఉంది. పేదరికంలో పుట్టి దేశం దాటొచ్చిన మనిషికి, కొడుకు డాక్టర్ కావాలన్న పట్టుదల ఏ భయంలోంచి పుట్టిందో అక్కడ చూస్తాం. ఆయన అన్న మాటని నవల క్షమించదు, కానీ ఆయన్ని ఒట్టి విలన్‌గానూ చేయదు.

రాసిందెవరు అన్న ప్రశ్నకి వద్దాం. నికోలా యూన్ జమైకాలో పుట్టింది. ఆమె భర్త డేవిడ్ యూన్ కొరియన్ అమెరికన్, ఆయన కూడా టీనేజ్ నవలలు రాస్తాడు. ఆమె ఈ కథని దగ్గర్నుంచి చూసిందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. అలాంటి పుస్తకాలను గుర్తుపట్టడానికే 2015లో డచ్ రచయిత్రి కొరిన్ డ్యువిస్ ట్విట్టర్‌లో ‘ఓన్ వాయిసెస్’ అన్న హ్యాష్‌ట్యాగ్ మొదలుపెట్టింది. పాత్ర ఏ సమూహానికి చెందిందో రచయితా ఆ సమూహానికే చెందితే ఆ గుర్తు. పాఠకులు ఒకరికొకరు మంచి పుస్తకాలు చెప్పుకోవడానికి పెట్టుకున్న చిన్న సౌకర్యం అది.

పబ్లిషర్లు దాన్ని అమ్మకాల ముద్రగా మార్చుకున్నారు. అక్కణ్ణుంచి, నువ్వు నిజంగా ఆ సమూహం మనిషివేనా అని రచయితలను నిలదీయడం మొదలైంది. బెకీ ఆల్బర్టాలీ 2015లో ఒక గే కుర్రాడి ప్రేమకథ రాసింది, 2018లో అది ‘లవ్, సైమన్’ అనే సినిమాగా వచ్చి పెద్ద హిట్టయింది. పెళ్ళై పిల్లలున్న మామూలు ఆడమనిషి గే కుర్రాడి కథతో డబ్బు చేసుకుంటోందని ఏళ్ళ తరబడి విమర్శలు వచ్చాయి. చివరికి 2020 ఆగస్టులో, తాను బైసెక్సువల్ అని ఆమె బయటపెట్టుకోవాల్సి వచ్చింది. ఇలా చెప్పాలని తాను అనుకోలేదని, ఆ ఒత్తిడి తనని ఎంత నలిపేసిందో రాసింది. 2021 జూన్‌లో ‘వుయ్ నీడ్ డైవర్స్ బుక్స్’ సంస్థ ఆ ముద్రను వాడటం మానేస్తున్నామని ప్రకటించింది. రచయిత ఫలానా దేశంవాళ్ళు, ఫలానా జాతివాళ్ళు అని వాళ్ళు చెప్పుకున్న మాటల్లోనే రాస్తామంది. సరైన పని చేశారనే నా నమ్మకం. లోపలి మనిషి రాస్తే వివరాలు నిజంగా ఉంటాయన్న ఆశ న్యాయమైనదే. అందుకని రచయిత తన జీవితంలోని రహస్యాలు పాఠకుడికి చూపించి అనుమతి తెచ్చుకోవాలనడం న్యాయం కాదు.

అసలు బలం ఉన్నది మూడో చోట, నిర్ణయించేవాళ్ళ దగ్గర. లీ అండ్ లో అనే ప్రచురణ సంస్థ అమెరికన్ పబ్లిషింగ్ రంగంలో పనిచేసేవాళ్ళ మీద సర్వే చేస్తుంటుంది. 2015లో అందులో తెల్లవాళ్ళు 79 శాతం, 2019లో 76, 2023లో 72.5. పుస్తకాల్లో పాత్రలు మారినంత వేగంగా ఆఫీసుల్లో మనుషులు మారలేదు. దాని ఫలితం ఒక్కోసారి అట్ట మీదే కనిపిస్తుంది. 2009లో జస్టీన్ లార్బలెస్టియర్ నవల ‘లయర్’లో కథ చెప్పే అమ్మాయి నల్లజాతిది, పొట్టి జుట్టు. అమెరికన్ ఎడిషన్ అట్ట మీద మాత్రం పొడవాటి నిటారు జుట్టు తెల్లమ్మాయి ఫొటో వేశారు. రచయిత్రి బహిరంగంగా అభ్యంతరం చెప్పి, పాఠకులు గొడవ చేశాక అట్ట మార్చారు. నల్లవాళ్ళ ముఖముంటే పుస్తకం అమ్ముడుపోదన్న మాట పబ్లిషింగ్‌లో ఎప్పటినుంచో వింటున్నానని ఆమె అప్పుడు రాసింది.

సినిమావాళ్ళదీ అదే దారి. జెన్నీ హాన్ 2014లో రాసిన ‘టు ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్’లో హీరోయిన్ లారా జీన్ సగం కొరియన్. సినిమా తీస్తామని వచ్చిన నిర్మాణ సంస్థల్లో హీరోయిన్‌ ఆసియా అమ్మాయే ఉండాలన్న షరతుకి ఒప్పుకున్నది ఒక్కటేనని, అందుకే ఆ ఒక్కదానికే ఇచ్చానని ఆమె తర్వాత రాసింది. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఆ సినిమా ప్రపంచమంతా చూసింది. అయితే అందులో హీరోయిన్ ప్రేమించే హీరో తెల్లవాడే. హాలీవుడ్ ఒక మెట్టు ఎక్కింది, రెండో మెట్టు దగ్గర ఆగింది. ఇద్దరిలో ఎవరూ తెల్లవాళ్ళు కాని నటాషా, డేనియల్‌ల జంట విలువ అక్కడ తెలుస్తుంది.

భారతీయుల వాటా కూడా చెప్పుకోవాలి. సంధ్యా మీనన్ 2017లో రాసిన ‘వెన్ డింపుల్ మెట్ రిషి’ చాలా పేరు తెచ్చుకుంది. కోడింగ్ అంటే ప్రాణం పెట్టే డింపుల్ షాకి, తెలియకుండానే పెద్దలు సంబంధం చూసేసిన రిషి పటేల్‌తో శాన్‌ఫ్రాన్సిస్కోలో పరిచయం. అమెరికాలో పెరిగిన భారతీయ అమ్మాయిలు ఆ పుస్తకాన్ని ఎందుకు గుండెకి హత్తుకున్నారో నాకు తెలుసు. అట్ట మీద తమలాంటి అమ్మాయి, చేతికి మెహందీతో, నవ్వుతూ ఉంది. కానీ ఆ పుస్తకంలో భారతదేశమంటే హిందీ మాటలు, షాలు, పటేళ్ళు. డల్లాస్‌లో పెరిగిన తెలుగు అమ్మాయికి తన ఇంట్లో వినపడే అమ్మమ్మ మాట అందులో దొరకదు. అది రచయిత్రి తప్పు కాదు, ఆమె తనకి తెలిసిన ఇంటిని రాసింది. ‘ఇండియన్ కథ ఒకటి వచ్చింది కదా, ఇంకెందుకు’ అని ఒక పుస్తకంతో గడిని నింపేసే పద్ధతిదే తప్పు. వందల తెల్లమ్మాయిల కథల్లో ఏ ఒక్కటీ తెల్లవాళ్ళందరి తరఫునా మాట్లాడక్కర్లేదు. ఆ స్వేచ్ఛ డింపుల్‌కీ రావాలంటే ఆమె పక్కన ఇంకో యాభై మంది ఉండాలి.

ఆ యాభై మందిలో తెలుగు పిల్లల కథలకి ముడిసరుకు కళ్ళెదుటే ఉంది. నటాషా మెడ మీద కత్తిలా వేలాడేది రాత్రి పది గంటల విమానం. హెచ్1బీ మీద వెళ్ళిన మన ఇంజనీర్ల పిల్లలు హెచ్4 వీసా మీద అక్కడే పెరుగుతారు. గ్రీన్‌కార్డు క్యూ దశాబ్దాల పొడవు. తల్లిదండ్రులకి కార్డు రాకముందే పిల్లలకి ఇరవై ఒక్కేళ్ళు నిండితే హెచ్4 పోతుంది. స్టూడెంట్ వీసాకి మారాలి, లేదా పెరిగిన ఊరు వదిలి, భాష సరిగ్గా రాయడం కూడా రాని దేశానికి రావాలి. ప్రామ్‌కి, అంటే హైస్కూలు చివర్లో జరిగే డాన్సు పార్టీకి, కలిసి వెళ్ళిన అబ్బాయి అమెరికన్ పౌరుడు, అమ్మాయికి పుట్టినరోజు దగ్గర పడుతోంది. ఎవరి కోపతాపాలూ అక్కర్లేదు, క్యాలెండర్ చాలు. అడ్డంకి చరిత్రలోంచి రావడమంటే నేననుకునేది ఇది.

ఈ పుస్తకాలకి అమెరికాలో ఇప్పుడు ఇంకో గండం వచ్చిపడింది. 2021-22 విద్యా సంవత్సరంలో స్కూళ్ళలో 1,648 పుస్తకాల మీద 2,532 నిషేధాలు పడ్డాయని, రచయితల స్వేచ్ఛ కోసం పనిచేసే పెన్ అమెరికా సంస్థ లెక్కతీసింది. వాటిలో 41 శాతం పుస్తకాలు గే, లెస్బియన్, ట్రాన్స్ విషయాలున్నవి, 40 శాతం పుస్తకాల్లో ముఖ్య పాత్రలు తెల్లవాళ్ళు కానివాళ్ళు. మరోవైపు 2020లో నికోలా, డేవిడ్ యూన్‌లు పెద్ద ప్రచురణ సంస్థ అండతో ‘జాయ్ రెవల్యూషన్’ అనే విభాగం ప్రకటించారు. తెల్లవాళ్ళు కాని రచయితలు, తెల్లవాళ్ళు కాని టీనేజర్ల గురించి రాసిన ప్రేమకథలే వేస్తారు. పేరులోనే వాళ్ళ ఉద్దేశం ఉంది. కష్టాల కథలు కాదు, సంతోషం.

మన దగ్గరికొస్తే, తెలుగు పుస్తకాల షాపుల్లో పిల్లల పుస్తకాల అర ఉంటుంది, నవలల అర ఉంటుంది. పదహారేళ్ళవాళ్ళ కోసం విడిగా అర నేనెక్కడా చూడలేదు. ఆ వయసువాళ్ళు ఇంగ్లిష్ పుస్తకాల్లోనో, ఫోన్లో సీరియల్ కథల్లోనో ప్రేమను చదువుకుంటున్నారు. మన వారపత్రికల ప్రేమ సీరియళ్ళలో హీరోకి కారుండేది, బంగళా ఉండేది, కులం పేరు మాత్రం చాలావరకు ఉండేది కాదు. పేదింటి పిల్ల, పెద్దింటి అబ్బాయి అన్నదే అడ్డంకి. ఆ పేదరికం, ఆ పెద్దరికం ఎక్కణ్ణుంచి వచ్చాయో కథ అడిగేది కాదు. మరి బయట? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, వేరే కులం అమ్మాయిని పెళ్ళి చేసుకున్న దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్ళెదుట, ఆసుపత్రి గుమ్మం ముందు నరికి చంపారు. చంపించింది అమ్మాయి తండ్రేనన్నది కేసు. ఆయన విచారణ ముగియకముందే చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ ఇద్దరి పరిచయం స్కూలు రోజుల్లోనే మొదలైంది. అమెరికన్లు యంగ్ అడల్ట్ అంటారే, సరిగ్గా ఆ వయసు.

తెలుగులో టీనేజ్ ప్రేమ నవల నిజాయితీగా రావాలంటే, డేనియల్ నాన్న చేతిలో ఆ మందు డబ్బా ఉన్నట్టే మన ఇళ్ళలో ఏముందో రాయాలి. టెన్త్ క్లాస్‌లో స్నేహితురాలి ఇంటిపేరు అడిగే అమ్మమ్మ, ‘వాళ్ళు మనవాళ్ళేనా’ అన్న ఒక్క ప్రశ్న, విడిగా తీసి ఇచ్చే గ్లాసు. అబ్బాయి వైపు నుంచి రాస్తే సానుభూతి రావచ్చు, అతనికి కవిత్వమో క్రికెట్టో పిచ్చి ఉండి, చదివే అమ్మాయిలకి అతని మీద మనసు పడేలా రాస్తే ఇంకా మంచిది. కానీ యూన్ పద్ధతిలో రాయాలంటే అమ్మాయి తండ్రికీ ఒక అధ్యాయం ఇవ్వాలి. ఆయన్ని సమర్థించడానికి కాదు, కూతురంటే ప్రాణమిచ్చే మనిషిలో కులం రోజువారీ ఏ మాటలతో, ఎవరి మెప్పు కోసం, ఎవరు నవ్వుతారన్న భయంతో పెరిగి అంతదాకా వెళ్తుందో పదహారేళ్ళ పాఠకుడికి తన సొంత ఇంట్లో గుర్తుపట్టేలా చూపించడానికి. అన్నిటికన్నా కష్టమైన అధ్యాయం అదే, ముందు రాయాల్సిందీ అదే.